బాబా భుజం, రెండు తూటాలు

మస్తానూ, నువ్వు పోయి నేటికి ఏడాది. మన అరబ్బు యజమాని బాబా తుపాకులు తుడిచే నీ పని ఇప్పుడు ఈ ముసలి డ్రైవరు మెడకు చుట్టుకుంది.

ఈ సాయంత్రం దివానియా హాల్లో బాబా స్నేహితులు కబుర్లకు చేరారు. కిటికీలోంచి దుమ్ము కలిసిన ఎండ తివాచీ మీద కలలా పరుచుకుంది. వచ్చే వారం బాబా జింకల వేటకు దేశం దాటి వెళ్తున్నాడు. రెండు తూటాలు నా ముందు నిలబెట్టాడు. ఒకటి మూడొందల ఎనిమిది రకం, రెండోది సెవెన్ ఎమ్మెమ్ జీరో ఎయిట్ రకం. దేని తుపాకీ దానిదేగానీ, చూడటానికి ఒక తల్లి బిడ్డలే. రెండోదాని మూతి కాస్త సన్నం, అంతే. పేలిస్తే మాత్రం మొదటిది భుజాన్ని గట్టిగా తంతుంది. నా పెళ్ళిలో మా మామ నాటు తుపాకీ పేల్చి పందిట్లో వెల్లకిలా పడ్డాడు చూడు, ఆ కథ మరోసారి.

బాబా భుజానికి ఈమధ్యే ఆపరేషన్ అయింది. ఆ మాట నలుగురిలో అంటే, సిగ్గుతో ఆయన వేటే మానేస్తాడు.

"యల్లా, తొందరగా చెప్పు. మస్తాన్ ఉంటే ఏది తీసేవాడు?"

"సన్నమూతిదే బాబా. మాంసం చెడదు అనేవాడు."

నువ్వు ఏనాడూ అలా అనలేదు. స్నేహితులు మాత్రం "నిజమే, నిజమే" అని తలలూపారు. బాబా సన్నమూతి తూటాను అరచేతిలో పెట్టుకుని నా వైపు వంగాడు. నాకొక్కడికే వినిపించేలా అన్నాడు:

"పోయినవాడికి కూడా నా భుజం మీదే ధ్యాస."