అశ్వవిహార్‌లో మిగిలిన గుర్రమూ, మా ఇల్లూ

నేను, కీ.శే. బాలసుబ్రహ్మణ్యం గారి భార్యను, రుక్మిణి అనుదానను, వయసు అరవై తొమ్మిది, రిజిస్ట్రేషన్ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైనదాన్ని, ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో పెన్న ఒడ్డున ఉండే 'అశ్వవిహార్ రాయల్ ఎన్‌క్లేవ్' అనే గేటెడ్ కాలనీలో కాపురముంటూ, ఆ కాలనీ సంఘానికి కార్యదర్శిగా ఉంటూ, ఎవరి బలవంతమూ బోధనా లేకుండా, తెలివిలో ఉండి, నా చేత్తో నేనే రాసుకున్న కడపటి వీలునామా ఏమనగా:

నా బుద్ధి నిలకడగా ఉంది. పులివెందులలో సిమెంటు వ్యాపారం చేసే నా ఒక్కగానొక్క కొడుకు రవిశంకర్ అభిప్రాయం వేరు. నేను గుర్రం ఎక్కినానని తెలిసిన రోజు నుంచి "అమ్మకు మతి చలించింది" అని చుట్టాలకు చెప్పుకుంటూ ఉన్నాడు. అందుకని జమ్మలమడుగు డాక్టరు అన్సర్ గారిని పిలిపించి పరీక్ష చేయించుకున్నాను. ఈరోజు ఏ వారమని అడిగారు. వందలోంచి ఏడు ఏడు తీసేస్తూ రమ్మన్నారు. చివరికి గొంతు తగ్గించి, "గుర్రం ఎక్కితే నడుము నొప్పి తగ్గుతుందామ్మా?" అని అడిగారు. నా బుద్ధి గురించి ఆయన సర్టిఫికెట్ ఇచ్చారు. ఆయన బుద్ధి గురించి నన్నెవరూ అడగలేదు.

1. ముందుగా ఈ ఇల్లు నాకెట్లా వచ్చిందో చెప్పాలి. మా ఆయన ప్రొద్దుటూరు హైస్కూల్లో తెలుగు పండితుడు. సైకిలు తొక్కడం కూడా రాని మనిషి. న్యూస్ పేపర్లో పెట్టి పంచిన రంగుల కాగితం మీద 'గుర్రపు డెక్కల చప్పుడుతో మేలుకోండి' అని ఉంటే చదివి, "రుక్మిణీ, వాక్యం బాగుంది" అన్నారు. వాక్యం బాగుందని ఇల్లు కొన్న మనిషిని నా సర్వీసులో ఆయన్నొక్కణ్ణే చూసినాను. కొన్నది నా రిటైర్మెంటు డబ్బుతో, నా పేరు మీద. కాబట్టి ఇది నా స్వార్జితం, నాకు నచ్చినవాళ్ళకు రాసే హక్కు నాది. ఆయన ఈ ఇంట్లో ఒక్క ఏడాదే ఉన్నారు. పొద్దున్నే వరండాలో కాఫీ గ్లాసు పట్టుకొని, కాలనీ గుర్రాలను సాకే షాహుల్ వాటిని నడిపించుకొని పోతుంటే కళ్ళు మూసుకొని వినేవారు. ఆ తర్వాత గుండెపోటుతో పోయారు. కాలనీ వాళ్ళు పరామర్శకు వచ్చి, మినిట్స్ రాయడం తెలిసిన మనిషినని నన్ను కార్యదర్శిని చేసి పోయినారు.

2. ప్రొద్దుటూరులో నాకున్న షాపు గదులు, వాటి మీద వచ్చే బాడుగలతో సహా, నా తదనంతరం నా కొడుకు రవిశంకర్‌కు సర్వహక్కులతో చెందుతాయి. వాడికి అన్యాయం చేసినానని ఎవరూ అనడానికి లేదు. వాడు అంటాడు. వాడిది మంచి మనసే గానీ, ఏ వస్తువును చూసినా దాని మీద ఎన్ని బస్తాల సిమెంటు పడుతుందో మాత్రమే తోస్తుంది.

3. నా బంగారమంతా కోడలు శోభది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా గుర్రపు లద్దె వాసనని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, గదిగదికీ అగరొత్తులు వెలిగించిన సంగతి నేను మరిచిపోలేదు. అయినా కోపాన్ని బంగారం మీద చూపించే రకం కాదు నేను.

4. కడపలో చదువుకునే నా మనవరాలు సంహితకు నా జీను, కళ్ళెం, నేను స్వారీకి వేసుకునే నీలం చుడీదారు ఇస్తున్నాను. చుడీదారు నడుము దగ్గర కుట్టించుకోవాల. సంహితా, కళ్ళెం తాళ్ళు లాగద్దు, గుర్రం పోయే దిక్కు చూడు, కింద చూడద్దు. నేనెక్కిన రోజు ఎవరో వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే కాలనీ అంతా నవ్వుకున్నారు. మీ నాయన ఫోన్ చేసి, "ఏందమ్మా ఈ వయసులో? బజారులో తలెత్తుకోవాలా వద్దా నేను?" అన్నాడు. నువ్వు మాత్రం ఒక్క మాట పంపినావు: "అవ్వా, ఇంకోసారి ఎక్కు." ఎక్కినాను. ఆ జీను నీకు రావడానికి వేరే కారణం ఏదీ లేదు.

5. సంఘం కార్యదర్శి రబ్బరు ముద్ర, ఇంకు ప్యాడుతో సహా, మా అధ్యక్షుడు, కాంట్రాక్టరు అవినాష్‌కు. సంఘం సొత్తును నేను ఇవ్వడమేమిటని అడగొచ్చు. సంఘం కొనివ్వలేదు, నేనే చేయించుకున్నా.

ఈ సందర్భంలో కాలనీ సంగతి నాలుగు మాటలు రాయక తప్పదు. గేటు ముందర బంగారు రంగు వేసిన సిమెంటు గుర్రం ముంగాళ్ళెత్తి నిలబడి ఉంటుంది. లోపల మొదట అసలు గుర్రాలు నాలుగుండేవి. ఒకటి జబ్బు చేసి చచ్చిపోయింది, రెండింటిని పెళ్ళి ఊరేగింపుల వాళ్ళకు అమ్మేసినారు. మిగిలింది ఒక్క తెల్ల ఆడగుర్రం. కాగితాల్లో దాని పేరు సిల్వర్ క్వీన్. దాన్ని సాకే షాహుల్ 'బూబమ్మా' అంటేనే పలుకుతుంది. షాహుల్ వాళ్ళ నాయన ప్రొద్దుటూరులో జట్కా తోలినాడు.

గుర్రాల కాలనీలో ఉంటామని శుభలేఖల మీద అచ్చేయించుకున్న వాళ్ళే సంఘానికి రాసిన మొదటి ఫిర్యాదు లద్దె గురించి. రెండోది సకిలింపు వల్ల పిల్లల ఆన్‌లైన్ క్లాసులు చెడిపోతాండాయని. ఒకాయన గుర్రానికి డైపరు కట్టమని గ్రూపులో పెడితే, ఎందరో బొటనవేళ్ళు ఎత్తినారు. స్వారీ మైదానంలో పుట్టినరోజు విందులు జరిగినాయి, కార్లు నేర్చుకున్నారు, వడియాలు ఎండబెట్టినారు. గుర్రం ఎక్కిన ఇంటివాళ్ళు మాత్రం నేనూ, అవినాషూ. ఆయన ప్రారంభోత్సవం నాడు మోకాళ్ళ దాకా బూట్లు వేసుకొని ఎక్కి ఫోటో దిగినాడు. అటొకరూ ఇటొకరూ ఆయన తొడలు పట్టుకొని నిలబడింది ఫోటోలో రాలేదు.

పోయిన ఏడాది ఆయనకొక ఆలోచన వచ్చింది. మైదానమూ లాయమూ పడగొట్టి ఫంక్షన్ హాలు కడదామని. దానికి 'అశ్వమేధ' అని పేరు కూడా పెట్టినాడు. గుర్రాన్ని బలిచ్చే యజ్ఞం పేరది. తెలిసి పెట్టినా తెలియక పెట్టినా అర్థం మాత్రం సరిగ్గా కుదిరింది. మైదానంలో ప్రతి ఇంటికీ వాటా ఉంది కాబట్టి ఇళ్ళవాళ్ళందరూ సంతకం పెట్టాల. ఇద్దరు తప్ప అందరూ పెట్టినారు. సిమెంటు తానే సరఫరా చేయొచ్చని నా కొడుకు కూడా వచ్చి నా పక్కన కూర్చుని బతిమాలినాడు. నేను పెట్టలేదు.

6. సంతకం పెట్టని రెండో మనిషి మా పక్కింటి చెన్నకేశవులు. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టినాడు. ఇప్పటి స్వారీ మైదానం ఒకప్పుడు ఆయన బీడు. ఆ భూమికి బదులుగా డెవలపరు ఆయనకొక ఇల్లు ఇచ్చినాడు. ఆయన కారు షెడ్డులో గొర్రెలు తోలుకొని, మేడ మీద మేత పెట్టుకొని, కింద కాపురమున్నాడు. 'అశ్వవిహార్‌లో అశ్వేతర జంతువులు నిషిద్ధం' అని మా నియమావళి. కార్యదర్శిగా నేను ఆయనకు నోటీసుల మీద నోటీసులు ఇచ్చినాను. "గుర్రం తినేదీ గడ్డే, గొర్రె తినేదీ గడ్డే. తేడా యాడుంది రుక్మిణమ్మా?" అని అడిగేవాడు. "తేడా నియమావళిలో ఉంది కేశవులప్పా" అనేదాన్ని. నోటీసు చేతిలో పెట్టగానే చించి నా ఎదురుగానే మందలో ఉండే ఒక్క మేకకు పెట్టేవాడు. నా చామంతులు తిన్నది కూడా ఆ మేకే. ఏళ్ళ తరబడి మా ఇద్దరికీ నోటీసుల మాటలే తప్ప వేరే మాట లేదు.

ఫంక్షన్ హాలు సంతకానికి అవినాష్ పోతే, ఆయన "నాకు సంతకం రాదప్పా" అన్నాడంట. వేలిముద్ర వేయమంటే "బొటనేలు నొస్తాంది" అన్నాడంట. భూమి రిజిస్ట్రేషన్ నాడు నా బల్ల ముందరే గుండ్రంగా సంతకం చేసిన మనిషి.

సంతకాలు రాకపోయేసరికి కమిటీ ఇంకో దారి పట్టింది. గుర్రమే లేకపోతే మైదానం ఎందుకని సంతకం పెట్టని ఇద్దరమూ దిగొస్తామని, బూబమ్మను అమ్మడానికి తీర్మానం చేసినారు. దానికి కమిటీ మెజారిటీ చాలు. కార్యదర్శిగా ఆ తీర్మానం రాసింది నేనే. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

లారీ పొద్దున్నే వచ్చింది. షాహుల్ లాయం ముందర తాడు పట్టుకొని నిలబడినాడు. బూబమ్మ మెడ నిమురుతానే ఉన్నాడు. నేను అప్పగింత కాగితం పట్టుకొని గేటు కాడికి పోయినాను. అప్పుడొచ్చింది చెన్నకేశవులు మంద. రోజూ వెనక గేటు గుండా పోయే గొర్రెలు ఆరోజు ముందు గేటుకొచ్చి, సిమెంటు గుర్రం చుట్టూ, లారీ చక్రాల కిందా పడుకున్నాయి.

"ఏంది మామా ఇది? పక్కకు తోలు!" అని అవినాష్ అరిచినాడు.

"తోల్తానే ఉండా అప్పా. వినాల గదా అవి. నియమావళి చదువుకోలేదు."

ఎండెక్కింది. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి విసిగిపోయినాడు. మూటగట్టుకొచ్చిన సద్ది గొర్రె తినేసరికి లారీ వెనక్కి తిప్పుకొని పోయినాడు. ప్రధాన రహదారిలో అశ్వేతర జంతువులను నిలిపినందుకు అక్కడికక్కడే నోటీసు రాసి చెన్నకేశవులు చేతికిచ్చినాను. ఆయన మామూలుగానే చించి మేకకు పెట్టి, "శానా బాగా రాసినావమ్మా, ఎట్ల నములుతాందో చూడు" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ముందు నేను నవ్వింది అదే మొదలు.

మరుసటి సమావేశంలో, బయటివాళ్ళే గాక కాలనీ వాళ్ళెవరైనా గుర్రాన్ని కొనుక్కోవచ్చునని తీర్మానంలో ఒక వాక్యం కలిపినాను. నేనే కొన్నాను.

7. కనుక, నా స్వంత గుర్రమైన బూబమ్మ, నా తదనంతరం షాహుల్‌కు చెందుతుంది. దాని ఉలవలకూ, లాడాలకూ, పశువుల డాక్టరుకూ సరిపడేటట్టు నా బ్యాంకు డిపాజిట్టు కూడా అతనికే. షాహుల్, పెళ్ళి ఊరేగింపుకు మాత్రం దాన్ని పంపద్దు. బ్యాండు మేళమంటే దానికి భయం.

8. ఇక ఇల్లు. అది నా కొడుకు చేతికొస్తే, నేను పోయిన మరుసటి వారమే వాడు ఫంక్షన్ హాలుకు సంతకం పెడతాడు, అది నాకు తెలుసు. అశ్వవిహార్‌లోని నా ఇంటిని, మైదానంలో నా వాటాతో సహా, చెన్నకేశవులుకు దాన విక్రయాది సర్వాధికారాలతో రాసి ఇస్తున్నాను. అమ్మకూడదని షరతు పెట్టి ఇస్తే ఆ షరతు నిలవదని, అట్లాంటి కాగితాలు ఎన్నో చూసిన నాకు తెలుసు. అందుకే షరతు పెట్టకుండా మనిషిని చూసి పెట్టుకున్నాను.

9. ఈ వీలునామాను అమలు పరచవలసింది ప్రొద్దుటూరు అడ్వకేటు నాగశ్రీ. మా ఆయన దగ్గర చదువుకున్న పిల్ల. సంఘం వాళ్ళు సంతాప సభ పెడితే దయచేసి మైదానంలో పెట్టనీయద్దు, అది గుర్రం తిరిగే చోటు.

10. ఇది రాసినాక, చెప్పకుండా ఇస్తే బాగుండదని, గోడ కాడికి పోయి చెన్నకేశవులును పిలిచి చెప్పినాను. ఆయన "నాకొద్దు" అన్నాడు. "ఊరికే వచ్చిన ఇల్లు ఎందుకమ్మా? ఉన్నదాన్నే ఊడవలేక సస్తాండా" అన్నాడు. ఇల్లు రవిశంకర్‌కు పోతే ఏమవుతుందో చెప్పినాను. "అయితే నువ్వు సావద్దు" అన్నాడు. అది నా చేతిలో లేదన్నాను. "అయినా నాకొద్దు" అని గొర్రెల కాడికి పోయినాడు. ఊరికే ఇచ్చిన ఇల్లు వద్దనేవాడు అవినాష్ ఇవ్వజూపే దేనికీ లొంగడు. ఎనిమిదో అంశంలో నాకు మిగిలి ఉన్న కాస్త అనుమానమూ దాంతో తీరిపోయింది.

దీనికి ముందు నేను వేరే వీలునామా ఏదీ రాయలేదు. ఇందులోని ప్రతి మాటా చదువుకొని, సరేననుకొని, కింద పేర్కొన్న సాక్షుల ఎదుట సంతకం చేసినాను.

అశ్వవిహార్, 2025 నవంబరు 14, శుక్రవారం.

(సం.) రుక్మిణి

సాక్షులు:
1. డాక్టరు అన్సర్, జమ్మలమడుగు
2. మస్తానమ్మ, రిటైర్డ్ అటెండరు, కమలాపురం