రత్న నిలబడిన మూల

మంగళవారం, కోలారు

అమెరికా పార్టీలు అధ్యక్ష పదవికి అభ్యర్థిని ఎలా ఎంచుకుంటాయో ఈరోజు పాఠం. కొన్ని రాష్ట్రాల్లో పార్టీవాళ్లు హాల్లో తమకు నచ్చిన మనిషి పేరున గుంపులుగా నిలబడేవారు. మరీ చిన్న గుంపు చెదిరి మరోదాంట్లో కలవాలి. మా క్లాస్ లీడర్‌నూ అలాగే ఎన్నుకోమని పిల్లలకు చెప్పాను.

సుగటూరు నుంచి వచ్చే రత్న పోటీకి నిలబడితే, ఆమె మూలలో సుమ ఒక్కతే మిగిలింది. మిగతా గుంపులు టమోటా మండీలో లాగా కేకలేసి సుమను పిలిచాయి.

"నువ్వూ పోవే, రూలు అదే కదా," అంది రత్న, తల దించుకుని.

"నేనూ పోతే ఇంగ నీ పక్కన ఎవరుండారు? నేను యాడికీ పోను."

రూలు పక్కన పెట్టి, సుమను అక్కడే ఉండనిచ్చాను.

రేపు ప్రైమరీలనే మరో ఎన్నిక పద్ధతి గురించి చెప్పాలి. అక్కడ ఓటు రహస్యం. మేమూ అలా చేసి ఉంటే రత్నకు ఈ తలవంపు ఉండేది కాదు. సుమ తన వైపే ఉందనీ తెలిసేది కాదు...