గూడూరు బస్సెక్కిన తాబేలు

నెల్లూరు

పోలేరయ్య గారికి నమస్కారం.

నేను సముద్రపు తాబేళ్ల మీద పరిశోధన చేస్తున్నాను. మీ ఫోను సముద్రంలో పడిందని విని ఉత్తరం రాస్తున్నాను. మేమొక ఆడ తాబేలు వీపు మీద చిన్న పెట్టె అతికించి వదిలాం. అది ఎక్కడ ఈదుతున్నదీ పెట్టె ఉపగ్రహానికి చెబుతుంది, ఉపగ్రహం మాకు చెబుతుంది. ఆ తాబేలు మీ పల్లె దగ్గర గట్టెక్కింది. నిన్న గూడూరు నిమ్మకాయల మార్కెట్లో ఉంది. ఎవరైనా దాన్ని కోశారా? చచ్చిపోయి ఉంటే మిగతా తాబేళ్లకు పెట్టెలు పెట్టనివ్వరు, మా పని ఇక్కడితో ఆఖరు. అటు చేపల వేటకొచ్చింది మీ పడవేనట. నిజం రాయండి.

ఇట్లు,
ఏంజెలిన్

ముత్తుకూరు సముద్రపు పల్లె

మహారాజశ్రీ ఏంజెలిన్ మేడం గారి సముఖానికి పోలేరయ్య వంగి వంగి రాయునది.

మీ ఉత్తరం చదివి పడవలోంచి పడినంత పనైంది. శ్రీహరికోటలో రాకెట్టు లేచినప్పుడల్లా వలలు వదిలేసి చూస్తాం. అంత ఎత్తుకు పోయి అది మా నిమ్మకాయల మార్కెట్టు చూస్తా ఉందని ఇప్పుడే తెలిసింది. మీరు దిగులు పడొద్దు. మీ తాబేలును బస్టాండులో నేనే చూసినాను. ఆడది గదా, టికెట్టు లేదు. కండక్టరు ఆధార్ కార్డు అడిగితే తల లోపలికి లాక్కుంది.

చిత్తగించవలెను,
పోలేరయ్య

తా.క. నిమ్మకాయలు ఊరగాయకంట. ఉప్పు ఇంటి దగ్గరే ఉందంట.

నెల్లూరు

పోలేరయ్య గారూ,

సముద్రపు తాబేలు తల లోపలికి లాక్కోలేదు. వేటగాడికి ఆ సంగతి తెలుసు. అయినా మా పెద్దసారు జకరయ్య గారు మీ ఉత్తరం చదివి ఎగిరి గంతేశారు. బస్సెక్కిన తాబేలుకు ప్రపంచంలో మొదటి సాక్షి మీరేనట. టీవీ వాళ్లనూ పోలీసులనూ వెంటబెట్టుకుని ఆదివారం వస్తున్నారు. తాబేలు ఇవాళ కొడవలూరు వరిమళ్లు చుట్టి వచ్చింది. ఇప్పుడు సిగ్నల్ మీ వంటింట్లోంచి వస్తోంది.

ఏంజెలిన్

తా.క. పొయ్యి మీద ఏం ఉడుకుతోందో రాయండి.

ముత్తుకూరు సముద్రపు పల్లె

అమ్మా ఏంజెలినమ్మా,

పోలేరమ్మ సాక్షి, ఉడుకుతున్నది చింతపండు పులుసు. నిజం రాస్తా ఉండాను. ఆ రోజు తాబేలు నా వలలో పడింది. మాకది విష్ణుమూర్తి. వీపుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దండం పెట్టి వదలడం మా ఆనవాయితీ. రాద్దామంటే వీపు మీద పెట్టె అడ్డం. దేవుడి మీద సామాను పెట్టిందెవరా అని తిట్టుకుంటా, కత్తితో పెట్టె ఊడదీసి, నిండా పసుపు రాసి వదిలినాను. ఎడమ రెక్కకున్న రేకు ముక్క మెరుస్తా ఉంటే హాయిగా ఈదుకుంటా పోయింది. పెట్టెను ఇంటికి తెచ్చి, రాకెట్టు నుంచి రాలిందని మా ఆడమనిషి మాలకొండమ్మకు చెప్పి అటకెక్కించినాను. ఇప్పుడు చూస్తే లేదు. ఆమె ఎండుచేపలమ్ముతా గూడూరూ కొడవలూరూ తిరుగుతుంది, గంపలో వేసుకుని ఉంటుంది. మీ ఉపగ్రహం వెంటబడింది నా పెళ్లాన్ని తల్లీ. జకరయ్య గారిని ఆపండి.

మీ కాళ్లకు మొక్కే,
పోలేరయ్య

తా.క. ఈసారి పెట్టె పొట్ట కింద పెట్టండి. అక్కడ మేము పసుపు రాయం.

నెల్లూరు

పోలేరయ్యన్నా,

ఎడమ రెక్కకు గుర్తుగా రేకు వేసింది మేమే. అది బతికే పోయింది. ఇక్కడ అందరం సంతోషంతో గంతులేస్తున్నాం. మిగతా తాబేళ్లకు వచ్చే వారమే పెట్టెలు పెడుతున్నాం.

ఆదివారం ఎవరూ రారు. జకరయ్య అనే సారే లేడు. ఉపగ్రహం గూడూరూ చూడలేదు, మీ వంటిల్లూ చూడలేదు. నా మొదటి ఉత్తరం నాటికే పెట్టె నా బల్ల మీద ఉంది. మాలకొండమ్మక్క దాని మీదున్న నంబరుకు ఫోన్ చేసి, తెచ్చి ఇచ్చింది. తాబేలు గతేమిటో మాత్రం ఆమెకూ తెలియదు. "మామూలుగా అడిగితే మా ఆయన నిజం చెప్పడు. ఆయన కంటే పెద్ద అబద్ధం నువ్వు చెప్పు, బెదిరి కక్కుతాడు" అన్నది.

మీ చెల్లెలు,
ఏంజెలిన్

తా.క. అక్క రాయమన్నది: "నీ ఫోను సముద్రంలో పడలేదు, నా గంపలో ఉంది. ఫోనులో అయితే అనలేదని మాట మార్చేస్తావు. ఇప్పుడు నీ చేత్తోనే రాసిచ్చావు, మార్చు చూద్దాం."