పోగుదా, జిగురుదా

రాప్తాడు

అక్కకు, చెల్లెలు సుజాత నమస్కారాలు.

పోగులూ జిగురూ కలిపి చేసిన వస్తువు మొత్తం వంగిన తీరు చూసి, లోపల లోపం పోగుదో జిగురుదో చెప్పగలవా? చదువుకునే రోజుల్లో మా మాస్టారు అడిగిన ఈ ప్రశ్నను ఇరవై ఏళ్లుగా మోస్తున్నాను. ఆ రోజు చెప్పగలనన్నాను.

మీరంతా కులాసాయే కదా? బావగారి మోకాలు ఎలా ఉంది? నేను బాగానే ఉన్నాను. వచ్చి అయిదు నెలలైనా ఈ గాలే అలవాటు కాలేదు. మబ్బు వస్తుంది, గాలి దాన్ని తోసుకుపోతుంది. ఆ గాలి కోసమే మా ఫ్యాక్టరీ ఇక్కడ పెట్టారు. గాలిమరల రెక్కలు చేస్తాం. గాజుపోగుల గుడ్డను అచ్చులో పొరలుగా పరిచి, జిగురు ఎక్కించి, వేడిచేసి గట్టిపరుస్తారు. ఎంత బరువుకు ఎంత వంగుతుందో ముందు చిన్న ముక్కల్లో, తర్వాత మొత్తం రెక్కలో కొలిచి సంతకం పెట్టడం నా పని.

గుడ్డ పరిచేది ధర్మవరం ఆడవాళ్లు. పట్టుమగ్గాలు ఆగిపోయాక ఇటు వచ్చారు. వాళ్లలో రామక్కది మా పక్కిల్లే. ఆదివారాలు నాకు రాగిసంగటి పెట్టి నవ్వుతుంది. "ఏమ్మా, సంగటి నములుతాండావే? మింగల్ల."

పోయిన వారం ఒక రెక్క ఉండాల్సినదానికంటే ఎక్కువ వంగింది. జిగురు సరిగా గట్టిపడకపోయినా అంతే వంగుతుంది, పోగు కాస్త పక్కకు వాలినా అంతే వంగుతుంది. అంచున కోసిన మూడు ముక్కలను మైక్రోస్కోపు కింద చూశాను. రెండింట్లో పోగు వాలింది, మూడోదాంట్లో తిన్నగా ఉంది. జిగురు సంగతి తేలాలంటే రెక్కను మధ్యకు కోయాలి. మేనేజరు కోయనివ్వడు. వేడిచేసే యంత్రం ఆయన ఏరికోరి తెప్పించింది, జిగురు గట్టిపడలేదని తేలితే మాట ఆయన మీదికే వస్తుంది. "ఆడవాళ్ల చేతి తప్పని రాసెయ్యండి మేడం, మనుషుల్ని మారుస్తాం," అన్నాడు.

అచ్చు దగ్గరికి వెళ్లాను. రామక్క ముడత కనపడగానే గుడ్డను అరచేతులతో అడ్డంగా సాగదీస్తోంది. అలా లాగితే పోగు వాలుతుంది.

"ఎందుకలా లాగుతావు రామక్కా?"

"ముడత ఉంటే లాగకుండా ఎట్లమ్మా? మగ్గం మీంచి దించిన చీర ఇట్లే కదా లాగి మడిచేది. ఈడ ఎవురూ వద్దన్లేదే." చేతులు ఆపి నా ముఖం చూసింది. "ఏమన్నా తప్పయిందామ్మా?"

"ఏం లేదులే," అన్నాను. వాలింది ఆ రెండు ముక్కల్లోనేనో, రెక్కంతానో నాకు తెలియదు.

సోమవారానికి కాగితం ఇవ్వాలి. చేతి తప్పని రాస్తే వాళ్లంతా ఇళ్లకు పోతారు. జిగురని రాయడానికి ఆధారం లేదు. తెలియదని రాస్తే, తెలిసినవాళ్లను పెట్టుకుంటామంటారు. ఆ వచ్చినవాళ్లు మేనేజరు చెప్పిందే రాస్తారు. ఫోను చేస్తే వచ్చెయ్యమంటావని ఉత్తరం రాస్తున్నాను. వచ్చేస్తే మాత్రం ఏమవుతుంది, ఆ సంతకం ఇంకెవరో పెడతారు.

బెంగపెట్టుకోకు, బాగానే ఉన్నాను. వీలైతే కాస్త మాగాయ పంపించు, ఇక్కడ అన్నిట్లోనూ వేరుశనక్కాయే. మీ అత్తగారికి నమస్కారాలు చెప్పు, పిల్లల్ని అడిగానని చెప్పు. పెద్దదానివి, నా తల మీద చెయ్యి పెట్టినట్టే తలచుకుని దీవించు.

మాస్టారి ప్రశ్నకు ఈ రోజు జవాబు చెప్పలేను అక్కా. చెప్పలేనని సంతకం పెట్టి రాయాలా వద్దా అన్నదే ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

నీ చెల్లెలు
సుజాత