బయటి కాగితానికి పీట

అనేహో, ఆగస్టు 4

ప్రియమైన చెల్లి మసాన్‌కు,

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నీ కూతురు కఫుయికి దగ్గు తగ్గిందా? మీ అన్న రక్తపోటు మాత్రలు వేసుకుంటున్నాడా? నాకు నిద్ర లేదు, అడిగేవాళ్లూ లేరు.

నీ వకీలు మళ్లీ వచ్చాడు. ఇరవై రెండేళ్లు మనిద్దరం కలిసి చేపలకు పొగబెట్టామని నేను సంతకం చేయాలట. రేవు ఆఫీసు పెళ్లికాగితం ఉన్న భార్యకే పొగపొయ్యికి కొత్త చోటిచ్చింది. ఆ కాగితం నాకుంది, నీకు లేదు. నేనేం చేయను? ఆడవాళ్ల కోసం ప్రపంచ దేశాలన్నీ రాసుకున్న ఒడంబడికేదో చూపిస్తే నీకూ సగం వస్తుందట. బయటి కాగితం మన పశ్చిమాఫ్రికా కోర్టులోకి రాకూడదని సర్కారు వకీలు వాదిస్తున్నాడట. ఆయన మాట నాకు నచ్చింది. బయటివాళ్లను గడప దాటనిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. పోయిన మన ఆయన నిన్ను రెండో భార్యగా తెచ్చిన రోజు నీకు మంచినీళ్లిచ్చింది నేనేగా. మర్నాటి నుంచే నా కూర ఆయనకు ఉప్పగా అనిపించింది.

సంతకం చేయలేదు.

నీ అక్క,
డేడే

అబూజా, సెప్టెంబరు 11

ప్రియమైన అక్కకు దండాలు.

నిన్న ఇక్కడి కోర్టులో విచారణ జరిగింది. "మనకు మన చట్టం ఉంది, పరాయివాళ్ల కాగితాలన్నీ ఇక్కడెందుకు?" అన్నాడు సర్కారు వకీలు. ముసలి జడ్జమ్మ కళ్లద్దాలు తీసింది. "బయట ఏం రాశారో చూడమని మన ఆఫ్రికా హక్కుల పత్రమే చెబుతోంది కదా బాబూ. పైగా ఆ బయటి ఒడంబడికమీద మీ సర్కారు సంతకం ఉందా, లేదా?" అంది. తీర్పు చెప్పేది మన చట్టమేనట. అది మసకగా ఉన్నచోట దీపం పట్టడానికే బయటిదట.

తర్వాత నన్నడిగారు, "నీ పనికి సాక్షి ఎవరు?" అని.

"మా అక్క."

"ఆమె సంతకం చేసిన కాగితం ఏదమ్మా?"

"ఆమెకు నామీద కోపమండీ" అన్నాను. కోర్టంతా నవ్వింది.

నెలాఖరు దాకా గడువిచ్చారు. నిన్ను బతిమాలను. చోటంతా నీకే వస్తే రోజంతా ఎవరిని తిడతావో ఆలోచించుకో.

నీ చెల్లి,
మసాన్

అనేహో, డిసెంబరు 20

ప్రియమైన మసాన్‌కు,

తీర్పు రేడియోలో విన్నాను. నీ పేరే చెప్పారు, నా పేరు లేదు. రేడియో కట్టేశాను.

సంతకం నీ కోసం చేశాననుకోకు. రేవు గుమాస్తా వచ్చి, "పెద్దమ్మా, చిన్నావిడ ఏనాడూ పొయ్యి దగ్గరికి రాలేదని రాసివ్వు, మంచి మూలచోటు నీకే" అన్నాడు. రాలేదట! వానాకాలం తడికట్టెలు ఊది ఊది నీ కళ్లు పాడవడం నేను చూడలేదా? నిన్ను నేను తిడతాను, వాడెవడు? వాడి ముందే నీ వకీలుకు కబురు పెట్టాను.

కోర్టు ఇద్దరికీ సమానమంది. ఆ మాట నాకింకా మింగుడుపడలేదు. గాలివైపు నేను కూర్చుంటాను, పొగవైపు నువ్వు. మొదటి పొయ్యి నేనే వెలిగిస్తాను, కానీ నువ్వు వచ్చాకే. పొద్దున బస్సుకు రా, దారిలో ఏమీ తినకు.

నీ అక్క,
డేడే

తా.క. పొయ్యి వెలిగించేది జనవరి తొమ్మిది, శనివారం.