ఇంజన్‌ది తప్పు కాదు, నాయినా

నాయినా,

ఈ రోజు నీ సంవత్సరీకం. అశ్వారావుపేట పామాయిల్ తోటలో, మన ఇంటి ముందు నువ్వు తవ్విన బావి పక్కనే పొద్దున నీళ్ల పరీక్ష కోసం బోరు వేశారు. అందులోంచి తీసిన నీళ్లను జియాలజిస్టు మేడం గాజుసీసాలో పోసింది. పైన వేలెడు మందాన డీజిల్ తేలింది!

“రోడ్డు మీద పాత పెట్రోల్ బంకు ఉంది కదా, దాని ట్యాంకు కారుతున్నది. రాతి పగుళ్లల్ల నుంచి ఇక్కడిదాక వచ్చింది,” అందామె.

బావి నీళ్లు డీజిల్ వాసనొస్తున్నాయని నువ్వు, వాటిని తోడే నీ ఆయిల్ ఇంజన్‌నే అనుమానించావు. రోజూ తుడిచి తుడిచి, చివరికి పాత ఇనుముకు అమ్మేశావు. అయినా వాసన పోలేదు.

“ఇంజన్‌ను ఉత్తగనే తిట్టిండు గదరా మీ నాయిన,” అంది అమ్మ.

నీ తర్పణానికని ఆ బావిలోంచి తోడి పెట్టుకున్న చెంబెడు నీళ్లు పారబోశాను. నువ్వు తవ్విన బావి ఇంటి ముందే ఉండగా, నీకు వదలాల్సిన నీళ్ల కోసం బిందె పట్టుకుని పక్కూరికి బయలుదేరుతున్నాను.