పేరు రాయక్కర్లేని కాగితం

అక్కకి,

కుశలాలు తర్వాత, ముందు నా కడుపుమంట విను. మా ఫైనాన్సు కంపెనీలో ఏటా ఒక కాగితం పంచుతారు. ఉద్యోగం ఎలా ఉందో మార్కులు వేసి రాయాలి, పేరు రాయక్కర్లేదు. పదికి పది వేయమని సూపర్‌వైజరు ముందురోజే అందరినీ నిలబెట్టి చెబుతాడు. ఇన్నేళ్ళూ వేశాను. ఈసారి చెయ్యి దురద పెట్టింది. 'కంపెనీ మీ ఇల్లులా అనిపిస్తోందా?' అన్నదాని కింద, 'అచ్చంగా. ఇంట్లో కూడా బాత్‌రూంకి చెయ్యెత్తి అడిగే వెళుతున్నాను. నాలుగు నిమిషాలు దాటితే కన్నతల్లి హెచ్చరిక కాగితం ఇస్తోంది' అని రాశాను.

నవ్వకు. ఫోన్ల దగ్గర కూర్చునే మా అందరికీ నిజంగానే నాలుగు నిమిషాలు. పక్క సీటు చెల్లెమ్మకి ఒంట్లో బాగోక పోయిన నెల మూడు హెచ్చరికలొచ్చాయి. ఎవరేమన్నా తలొంచుకునే మనిషి. అయినా ఆ హెచ్చరికలు చూసి, రాత ఆవిడదేనని సూపర్‌వైజరు తేల్చేశాడు. సోమవారం నుంచి రావద్దన్నాడట. ప్రపంచాన్నంతా ఆటపట్టించే నేను మూడు రోజులుగా నోరు కుట్టుకుని కూర్చున్నాను. భయమక్కా. సిగ్గు కూడా. బావకి చెప్పకు. రేపు వెళ్ళి ఒప్పుకుంటాను.

నీ కోతి తమ్ముడు

అక్కా,

వెళ్ళాను. "ఆ కాగితం నాదండీ" అన్నాను.

"నీకంత తెలివెక్కడిది? ఆవిడ పొద్దున్నే ఒప్పేసుకుంది" అన్నాడు సూపర్‌వైజరు.

ఒళ్ళు మండిపోయింది. ఆవిడని పిలిపించాడు.

"నీకేమైనా పిచ్చా చెల్లెమ్మా? రాసింది నేను!"

"మూడు హెచ్చరికలు తిన్నది నేనన్నయ్యా. మీరొక్కటైనా తిన్నారా? ఆ మాట మీదెలా అవుతుంది?"

"తిన్నావు సరే, రాసింది నేనమ్మా!"

"ఎలాగూ పొమ్మన్నారు. చేతగానిదానిలా పొమ్మంటారా? అదొక్కటైనా నాదనుకోనివ్వండి."

సూపర్‌వైజరు తల పట్టుకున్నాడు. ఒక కాగితానికి ఇద్దరు తయారయ్యారని పైకి రాస్తే, పేరక్కర్లేని కాగితానికి పేర్లు నిన్నెవరు వెతకమన్నారని పైవాళ్ళు ముందు తననే అడుగుతారు. "అది ఎవరిదీ కాదు! ఇద్దరూ పోయి ఫోన్లెత్తండి!" అని అరిచాడు. ఆవిడ ఉద్యోగం నిలిచింది.

సంతోషమే. కానీ ఆఫీసంతా ఆవిడ కుర్చీ చుట్టూ చేరి "భలే రాశారండీ" అంటోంది. ఆవిడ మొహమాటానికైనా కాదనకుండా దర్జాగా తలూపుతోంది. నాదంటే "నీ మొహం" అంటున్నారు. నా జన్మకి చేసిన ఒక్కగానొక్క ఘనకార్యం అక్కా! నువ్వైనా నమ్ము.

ఇట్లు,
రాసినవాణ్ణి నేనే